బీల్ జీతం సన్స్ లెక్కలో ఎక్కడ పడుతుంది?

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జీతాల నిబంధనలు తెలిసినవారు దయచేసి ఈ చిక్కు విప్పండి. ఫీనిక్స్ సన్స్ అభిమానిని. యాజమాన్యం తీరు చూస్తే కడుపు మండిపోతోంది. 2023 ఫిబ్రవరిలో కెవిన్ డ్యురాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్‌ను, క్యామ్ జాన్సన్‌ను, పైగా నాలుగు మొదటి రౌండు డ్రాఫ్ట్ పిక్‌లను (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులను) ధారపోశారు. ఆ జూన్‌లోనే బ్రాడ్లీ బీల్‌ను తెచ్చారు. అతను ఒప్పుకోకుండా మరో జట్టుకు పంపకూడదనే షరతు కూడా ఒప్పందంతో పాటే వచ్చి పడింది. అన్నీ చేసి 2024-25లో 36 గెలుపులు, 46 ఓటములు. ప్లేఆఫ్స్ ముఖం కూడా చూడలేదు.

2025 జులైలో బీల్‌ను వదిలేసి, చెల్లించాల్సిన సుమారు 9.7 కోట్ల డాలర్లను ఐదేళ్లకు సర్దారు. అంటే 2029-30 దాకా ఏటా దాదాపు 1.94 కోట్లు, ఆడని మనిషికి!

నిబంధనల సారాంశం చదివాను. ఆటగాళ్ల జీతాలన్నీ పట్టికలో వేసి లెక్కగట్టాను. ఈ సొమ్ము శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు పెట్టిన పరిమితి లెక్కలో) కలుస్తుందని తేలింది. సెకండ్ ఏప్రన్ (క్యాప్‌కు పైన ఉండే, దాటితే కఠిన ఆంక్షలు పడే గీత; 2025-26లో సుమారు 20.78 కోట్ల డాలర్లు) దగ్గరే ఆగిపోయాను. నేను చూసిన వివరణలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఇది చిన్న విషయం కాదు. 2024-25లో ఆ గీత దాటినందుకు సన్స్ 2032 మొదటి రౌండు పిక్‌ను వేరే జట్టుకు ఇవ్వకుండా ఇప్పటికే స్తంభింపజేశారు. తర్వాతి నాలుగు సీజన్లలో మరో రెండుసార్లు దాటితే అది రౌండు చివరికి జారిపోతుంది.

బీల్‌కు ఏటా ఇచ్చే ఆ 1.94 కోట్లు, ఆడుతున్న ఆటగాడి జీతంలాగే సెకండ్ ఏప్రన్ లెక్కలోనూ పూర్తిగా కలుస్తాయా?