తాళకం బెరుగర? ఎరుగరా?

నిద్రపట్టనివాడు:
ఒక పద్యం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. 'డార్క్' అనే జర్మన్ సీరియల్ మళ్లీ చూస్తున్నాను, ఈసారి మా తమ్ముడితో. గుహలో తలుపు మీద 'సిక్ ముండుస్ క్రియాటుస్ ఎస్ట్' అని ఉంటుంది కదా, లోకం ఇలాగే పుట్టింది అని. నోవా అనే ఆ ఫాదర్ చొక్కా విప్పితే వీపంతా ఆ మాట వచ్చే పాత రాత, మరకత ఫలకం పచ్చబొట్టు. 'ఏంటన్నయ్యా ఇది?' అన్నాడు వాడు. రసవాదులకు, అంటే మామూలు లోహాన్ని బంగారం చేయాలని చూసేవాళ్లకు, అది మూలమంత్రం లాంటిదిరా, న్యూటన్ కూడా దాన్ని ఇంగ్లీషులోకి చేసి పెట్టుకున్నాడు, కింద ఉన్నది పైన ఉన్నదాని లాంటిదే అంటుంది, మన పిండాండం బ్రహ్మాండం లెక్క అని చెప్పుకొస్తుంటే మధ్యలో వేమన వచ్చి కూర్చున్నాడు.

ఉప్పు చింతకాయ ఊరిలో నుండగా
కరవదేల వచ్చె కాపులారా
... ఎరుగరా తగరంబు నెరుగరా

ఖాళీలో ఏ మాట? ఈ సరుకుల్లో బంగారం చేసే గుట్టు ఉందంటారు, ఇది నిజంగా బంగారం చేసే పద్యమేనా?

యతిభంగం:
తాళకం. 'తాళకం బెరుగర తగరంబు నెరుగరో'. తా, త యతి కూడా సరిపోయింది. మీ ప్రశ్న తర్వాత, ముందు మీ 'ఎరుగరా' సంగతి తేలాలి. ఆటవెలది మూడో పాదం ఇది, ముందు మూడు సూర్యగణాలు (గలం గానీ నగణం గానీ), తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. తాళ, కంబె రెండూ గలాలు. మూడోది 'రుగరా' అయితే లఘువు లఘువు గురువు, అంటే సగణం. సగణాన్ని సూర్యగణాల్లో ఎప్పుడు చేర్చారండీ? 'రుగర' అంటే నగణం, హాయిగా ఒదుగుతుంది. ఆ తర్వాత తగరంబు సలం, నెరుగరో నగం. చివర రో అన్నా రా అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఒత్తులక్క:
నేను చిన్నప్పటి నుంచి విన్నది రెండు చోట్లా దీర్ఘమే. పైకి చదివి చూడండి, 'ఎరుగరా' దగ్గర ఆగితేనే ఆ ఎత్తిపొడుపు తగులుతుంది. వేమన గణాలు లెక్కపెట్టుకుంటూ చెప్పాడంటారా?

యతిభంగం:
పాడేవాళ్లు సాగదీస్తారు అక్కా, అది వాళ్ల హక్కు. రాసేటప్పుడు మాత్రం హ్రస్వమే.

పాతనిఘంటువు:
ర, రా అని కొట్టుకుంటున్నారు గానీ తాళకం అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. దానికి రెండర్థాలు. ఒకటి హరిదళం. రెండోది తలుపుకు వేసే తాళం. నా అనుమానం, వేమన రెండూ ఉద్దేశించాడు. సరుకులన్నీ ఊళ్లోనే ఉన్నాయి, తాళం తీయడమే తెలియదు మీకు అంటున్నాడు. మీ సీరియల్లో గుహ తలుపు కూడా అదే కథ కదా!

ఒత్తులక్క:
తలుపు తాళమైతే పక్కన తగరం ఎందుకండీ, తాళానికి మాటు వేయడానికా?

కెమిస్ట్రీమాస్టారు:
హరిదళమే. ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం, నిమ్మపండు రంగులో పొరలు పొరలుగా ఉంటుంది. విషం, ఎవరూ ప్రయోగాలు చేయకండి. దాంతో రాగికి ఆర్సెనిక్ పట్టిస్తే రాగి తెల్లబడి వెండిలా కనిపిస్తుంది. రాగిలో తగరం కలిపితే కంచు, పాళ్లు కుదిరితే పసిడి ఛాయ. చింతకాయ పులుపు, ఉప్పు కలిస్తే రాగి మీది చిలుము వదులుతుంది. అంటే పద్యంలో వరసగా శుద్ధి చేసేవి, రంగు మార్చేవి ఉన్నాయి. రాగి పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు, అసలు గుట్టు అదే అయి ఉంటుంది.

నా సొంత ఊహ ఇంకొకటి ఉంది. తగరం, పాదరసం, గంధకం, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపి కాస్తే స్వర్ణవంగం వస్తుంది. చూడ్డానికి అచ్చం బంగారు రజను, లోపల ఉన్నది తగరం సల్ఫైడ్. పద్యంలో ఉప్పు అంటే నవసాగరం ఎందుకు కాకూడదు?

యతిభంగం:
నవసాగరం ఊరిలో ఇంటింటా ఉంటుందా మాస్టారూ? 'ఊరిలో నుండగా' అన్నాడు ఆయన.

పాతనిఘంటువు:
హరిదళం పేరులో హరితం, చూస్తే పసుపు. మన 'పచ్చ' కూడా అంతే, పండిన ఆకు పచ్చే, పచ్చి ఆకూ పచ్చే. అందుకే మరకత ఫలకాన్ని 'పచ్చల పలక' అనడం నాకు ఇష్టం. 'మరకత ఫలకం' అంటే గుడి శాసనంలా ఉంది.

నిద్రపట్టనివాడు:
పచ్చల పలక బాగుంది. అనువాదం అంటే గుర్తొచ్చింది, వేరే సీరియల్ ఒకదానికి తెలుగు సబ్‌టైటిల్స్‌లో 'ఫిలాసఫర్స్ స్టోన్'ను 'తత్వవేత్త రాయి' అని వేశారు. ఐదు నిమిషాలు నవ్వుకున్నాం. పరుసవేది అని చక్కటి మాట ఉండగా!

ఒత్తులక్క:
పరుసవేధి. ఒత్తు ఉండాలి. వేధ అంటే గుచ్చుకుని లోపలికి పోవడం. పాదరసానికి చెప్పే 18 సంస్కారాల్లో, అంటే దాన్ని సిద్ధం చేసే మెట్లలో, 17వది వేధ. ఒక పాలు పాదరసం నూరు పాళ్ల లోహాన్ని మారిస్తే శతవేధి, వెయ్యి పాళ్లను మారిస్తే సహస్రవేధి. ముట్టుకుంటే చాలు మార్చేది స్పర్శవేధి. దశరథుడి శబ్దవేధి ఇదే వేధి. దాన్ని కూడా శబ్దభేది చేసి పెట్టారు జనం.

యతిభంగం:
స్పర్శ కాస్తా పరుస అయ్యాక ఒత్తు ఎందుకు నిలుస్తుందండీ? కథ కత అయింది, ముఖం మొగం అయింది, శంఖం సంకు అయింది. ముందు సగం తద్భవం చేసి, వెనక సగానికి ఒత్తు తగిలిస్తే పంచెకట్టు మీద టై కట్టినట్టు ఉంటుంది. కావాలంటే స్పర్శవేధి, లేదంటే పరుసవేది. మధ్యలోది కుదరదు.

ఒత్తులక్క:
వేది అంటే అరుగు. పరుసపు అరుగు మీద కూర్చుంటారా మీరు?

పాతనిఘంటువు:
'పరశువేది' అని రాసిన వాళ్లనూ చూశాను. గొడ్డలికీ బంగారానికీ ఏమిటో సంబంధం!

కెమిస్ట్రీమాస్టారు:
మీరు ఒత్తు తేల్చుకునే లోపు సీరియల్ అబ్బాయికి పనికొచ్చేది ఒకటి చెబుతాను. పాశ్చాత్య రసవాదంలో ముందు నలుపు, తర్వాత తెలుపు, పసుపు, చివరికి ఎరుపు. ఇలాంటి సీరియళ్లలో రంగులు మారుతుంటే ఆ వరస పట్టి చూడండి. మన దగ్గర తెలుపు, పసుపు మెట్లు లేకపోయినా మొదలూ చివరా అవే. పాదరసం, గంధకం కల్వంలో వేసి నూరుతారు. మొదట పాదరసం చిన్న చిన్న పూసలుగా తప్పించుకుంటూ ఉంటుంది. గంటల తరబడి నూరాక ఆ మెరుపు పూర్తిగా చచ్చి కాటుకలాంటి పొడి మిగులుతుంది, అదే కజ్జలి. దాన్ని సీసాలో పోసి, ఇసుకలో కూర్చోబెట్టి కాస్తే సీసా మెడ దగ్గర ఎర్రగా పేరుకునేది రససిందూరం. అక్కడ వాళ్లు సూర్యచంద్రుల పెళ్లి అన్నారు, ఇక్కడ పాదరసం శివుడు, గంధకం గౌరి.

నిద్రపట్టనివాడు:
మాస్టారూ, ఇది తమ్ముడికి చదివి వినిపించాను, నోరెళ్లబెట్టాడు. ఇంతకీ వేమన బంగారం చేశాడా, చేసేవాళ్లను ఎగతాళి చేశాడా?

పాతనిఘంటువు:
చేశాడనే కథ ఉంది, అభిరాముడనే కంసాలి స్నేహితుడి దగ్గర విద్య పట్టాడనీ, మకుటంలో ఆ పేరే పెట్టుకున్నాడనీ. నేను నమ్మను. ఊరూరా కరవు ఉంటే ఉప్పూ చింతకాయా చూపించి బంగారం చేసుకోమనేవాడు వేమన ఎలా అవుతాడు?

కెమిస్ట్రీమాస్టారు:
నేను నమ్ముతాను. 'ఇనుము విరిగెనేని' అన్నవాడు కొలిమి దగ్గర కూర్చోకుండా ఆ మాట అనలేడు.

ఒత్తులక్క:
కొలిమి దగ్గర కూర్చుంటే కమ్మరి అవుతాడు గానీ రసవాది అవుతాడా మాస్టారూ? బ్రౌన్ దొర 1829లోనే వేమనను అచ్చు వేయించాడు కదా, అందులో ఈ పద్యం ఉందేమో ఎవరైనా చూడండి. 'ఎరుగరా' అని ఉంటే యతిభంగం గారు నాకు క్షమాపణ చెప్పాలి.

యతిభంగం:
అచ్చులో ఉన్నా సగణం సగణమే. అన్నట్టు, ఇంతసేపూ ఎవరూ గమనించలేదు, మొదటి పోస్టులో రెండో పాదం 'కాపులారా' అని దీర్ఘంతో ముగించారు. చివరి గణం 'లార', గలం. 'లారా' అంటే రెండూ గురువులే. దాన్ని ముందు దిద్దండి.