పాపను అంగన్‌వాడీకి తేవద్దంటున్నారు, ఏం చేయాలి?

ప్రొద్దుటూరు అమ్మ: మూడేళ్ల పాపకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండవు), సొంతంగా కూర్చోలేదు. ఆయాకు కష్టమంట, గుడ్లు, పాలు ఇంటికి తీసుకుపోండి, పాపను మాత్రం తేవద్దంటున్నారు. గుడ్లు కాదు కదా మాకు కావాల్సింది, నలుగురు పిల్లల మధ్య కూర్చోవడం!

అనంతపురం అన్న: 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చూడండి, ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలి. అంగన్‌వాడీల కోసమైతే 2023లో కేంద్రం దివ్యాంగ పిల్లలకంటూ ప్రోటోకాల్ (పాటించాల్సిన పద్ధతులు) కూడా ఇచ్చింది. అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీఓకు అర్జీ రాసివ్వండి, నోటిమాటను ఎవరూ పట్టించుకోరు.

కర్నూలు నుంచి: భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది, ఫిజియోథెరపీ చేస్తారు) పొమ్మని చేతులు దులుపుకోనివ్వకండి అక్కా, ఫిజియోథెరపీ వేరు, ఇది వేరు. మా వాణ్ణి గోడ మూలన దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్లు, పక్క పిల్లలే చేతికి బొమ్మ అందించేవాళ్లు.

ప్రొద్దుటూరు అమ్మ: దిండ్లు నేనే తీసుకుపోతా. సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తా అన్నా.