సరఖ్స్ (ఇరాన్-తుర్క్‌మెనిస్తాన్) బోర్డర్‌లో గేజ్ (పట్టాల మధ్య దూరం) మారేచోట కంటైనర్‌ని ఎలా దాటిస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. సెంట్రల్ ఏషియా రైల్వే రూట్ల మీద మా స్టడీ సర్కిల్‌కి నోట్ రాస్తున్నా, ఒక్క చోట ఆగిపోయా.

ఉజ్బెకిస్తాన్‌కి సముద్రం లేదు, చుట్టుపక్కల దేశాలకీ మహాసముద్రానికి దారి లేదు, సరుకు ఓడ ఎక్కాలంటే కనీసం రెండు బోర్డర్లు దాటాలి, అందుకే అక్కడ పట్టాలు వేసేవాళ్ళ మాటకి అంత బలం. ఉజ్బెకిస్తాన్‌తో సహా పాత సోవియట్ దేశాల పట్టాల గేజ్ 1520 ఎంఎం, చైనావి, ఇరాన్‌వి 1435. చైనా-కిర్గిజ్‌స్తాన్-ఉజ్బెకిస్తాన్ లైన్‌కి 2024 జూన్‌లో ఒప్పందం అయింది కదా, అందులో గేజ్ మారేది మక్మల్‌లో, అంటే చైనా గేజ్ కిర్గిజ్‌స్తాన్ లోపలిదాకా వస్తుందన్నమాట, నా దృష్టిలో అసలు విషయం ఇదే. చైనా-కజకిస్తాన్ బోర్డర్‌లోని ఖోర్గోస్‌లో అయితే క్రేన్‌తో కంటైనర్ ఎత్తి పక్క లైన్‌లో ఉన్న వ్యాగన్ మీద పెడతారు, అక్కడిదాకా ఓకే.

నాకు తేలనిది మన వైపు రూట్. ముంబై నుంచి ఓడలో ఇరాన్‌లోని బందర్ అబ్బాస్, అక్కణ్ణించి రైల్లో మషద్, సరఖ్స్, తుర్క్‌మెనిస్తాన్ మీదుగా తాష్కెంట్. సరఖ్స్‌లో 1996లో లైన్ కలిపారు. అక్కడ వ్యాగన్ కింద చక్రాలుండే ఫ్రేమ్‌లు (బోగీలు) మారుస్తారని ఒకచోట చదివా, క్రేన్‌తో కంటైనర్ మారుస్తారని ఇంకోచోట ఉంది. శాటిలైట్ మ్యాప్‌లో యార్డ్ వెతికా, పట్టాలు తప్ప ఏం అర్థం కాలేదు. ఒక ఫ్రైట్ కంపెనీకి మెయిల్ పెట్టా, రిప్లై లేదు.

షిప్పింగ్‌లో గానీ తాష్కెంట్‌కి మందుల ఎక్స్‌పోర్ట్‌లో గానీ పనిచేసేవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్: 40 అడుగుల కంటైనర్‌కి సరఖ్స్‌లో బోగీలు మారుస్తున్నారా, వేరే వ్యాగన్‌కి ఎక్కిస్తున్నారా?