ఎర్త్ ఇచ్చారా, ఎర్త్ వస్తోందా, ఎర్త్ పెట్టారా?

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా కరెంటు పనుల్లో వినబడే 'ఎర్త్' అనే మాట నన్ను వదలడం లేదు. కాస్త పొడుగే అయినా ఓపిగ్గా చదవండి.

మొన్న వానాకాలంలో ఊళ్లోంచి అమ్మ ఫోన్ చేసి, "ఫ్రిజ్‌కి ఎర్త్ వస్తోందిరా" అంది. నేను ఏదో పనిలో ఉండి "ఎర్త్ ఉండాలి కదమ్మా, మంచిదేగా" అన్నాను. "మంచేమిట్రా, తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది" అంది. తడి గచ్చు మీద, కాళ్లకు చెప్పుల్లేకుండా నిలబడి చెబుతోందా మాట. మెయిన్ ఆపేయించేదాకా నాకు ఊపిరాడలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. మూడు కన్నాల సాకెట్టులో పైనున్న లావు కన్నానికి పచ్చ వైరు బిగించే ఉంది. ఆ వైరు మెయిన్ బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాన్ని భూమిలోకి దింపడానికి పెరట్లో గుంట తీసిందే లేదు. అమ్మ "ఎర్త్ వస్తోంది" అన్నది అసలు ఎర్త్ లేకపోవడం వల్ల! ఒకే మాట రక్షణకూ ప్రమాదానికీ ఎలా కుదిరింది?

నాకు తోచింది ఇది. తెలుగులో 'ఎర్త్' నామవాచకంగా ఏమీ తేల్చి చెప్పదు, పక్కన చేరే క్రియే అర్థం తేలుస్తుంది. "మోటారుకి ఎర్త్ ఇచ్చావా?" అంటే రక్షణ. "మోటారు ఎర్త్ అయింది" అంటే లోపల వైండింగు (తీగచుట్ట) పూత పోయి కరెంటు బాడీకి తగిలిందని. "ఎర్త్ వస్తోంది, కొడుతోంది" అంటే ఆ కరెంటు మన ఒంట్లోంచి నేలకు దిగుతోందని. ఎర్త్ ఇచ్చేది మనిషి. ఎర్త్ అయ్యేది యంత్రం. ఎర్త్ వచ్చేది, పాపం, ముట్టుకున్నవాళ్లకి. మూడు చోట్లా జరిగేది కరెంటు భూమిలోకి పోవడమే, ఏ దారిన పోతోందన్నదే తేడా. ఇంగ్లీషు నుంచి పేరు ఒక్కటే తెచ్చుకుని, దాన్ని నడిపే పనంతా మన క్రియలకు అప్పగించారు మన పనివాళ్లు. నాకిది చాలా గొప్పగా అనిపిస్తుంది. ఇది విని కొందరు అడిగిన ప్రశ్నలూ, నా జవాబులూ ఇవి.

"మరి 'పదవికి ఎర్త్ పెట్టారు' అని పేపర్లలో రాస్తారు కదండీ, అది ఎక్కడిది?"

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇది నా ఊహ మాత్రమే: 'ఎసరు పెట్టడం' అచ్చులో పోసిన మాట అది. "పదవికి ఎసరు పెట్టాడు" అని ముందునుంచీ అంటున్నాం. అదే 'కి', అదే 'పెట్టు', మొదటి అక్షరమూ అదే 'ఎ'. యంత్రం ఎర్త్ అయితే పాడైనట్టే అన్న భావం ఎలాగూ జనంలో ఉంది. రెండూ కలిసి నుడికారమైపోయింది. తమాషా ఏమిటంటే ఎలక్ట్రీషియన్లు కూడా "రాడ్డు పెట్టాం, గుంట పెట్టాం" అంటారు గానీ, మా ఇంటికి వచ్చినాయన ఒక్కసారి కూడా "మీ ఇంటికి ఎర్త్ పెట్టాను" అనలేదు. "ఎర్త్ వేశాను" అన్నాడు. చెవికి ఆ తేడా తెలుసు.

"అమెరికాలో మేం గ్రౌండింగ్ అంటాం. ఇక్కడి ఇళ్లకి 8 అడుగుల గ్రౌండ్ రాడ్డు దింపుతారు. అదే మాట తెలుగులోనూ వాడొచ్చుగా అన్నా?"

వాడొచ్చు తమ్ముడూ, కానీ ఇక్కడ ఆ కుర్చీ ఖాళీగా లేదు. బ్రిటిష్ వాళ్లు ఎర్త్ అన్నారు, మనకు అదే వచ్చింది. 'గ్రౌండింగ్' అంటే మన పేపర్లు చదివేవాళ్లకి పథకం పనులు మొదలుపెట్టడం: "యూనిట్ల గ్రౌండింగ్ త్వరగా పూర్తి చేయాలి" అనే వార్త జిల్లా పేజీల్లో మామూలే. "ఇల్లు గ్రౌండింగ్ అయిందా?" అంటే పునాది పడిందా అని, రాడ్డు దిగిందా అని కాదు.

"భూసంధానం అనరాదా?"

పాఠంలో రాసుకోండి, అభ్యంతరం లేదు. కొట్టుకెళ్లి అడిగితే మాత్రం ఏ వస్తువూ రాదు. పిల్లలకి చెప్పేటప్పుడు "భూమికి కలపడం" చాలు, అందులోనే పని కనబడుతోంది.

"ఇంతకీ మీ ఇంట్లో ఏం వేయించారు? మాది అనంతపురం వైపు, గట్టి నేల."

మాది నల్లరేగడి, తేమ నిలుస్తుంది. పాతపద్ధతిలో అయితే 2.5 మీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు నిలువునా దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా వేస్తారు. ఉప్పు తేమను పట్టి కరెంటుకి దారిస్తుంది గానీ పైపును తినేస్తుంది. అందుకే మేం రాగిపూత రాడ్డు, బెంటొనైట్ అనే, తేమను పట్టి ఉంచే మట్టి వేయించాం. మీలాంటి నేలలో ఒక్క రాడ్డు చాలకపోవచ్చు, దూరదూరంగా రెండు వేసి కలపాల్సి రావచ్చు. కొలిచాకే తేల్చుకోండి.

కొలత గురించి గట్టిగా చెబుతాను. ఫేజుకీ (కరెంటు వచ్చే తీగకీ) ఎర్త్ వైరుకీ మధ్య బల్బు వెలిగించి "ఎర్త్ బాగుంది" అంటే ఒప్పుకోకండి. 230 వోల్టుల మీద 60 వాట్ల బల్బు లాగేది పావు ఆంపియరు పైచిలుకు. కరెంటు పోవడానికి ఎర్త్ ఇచ్చే అడ్డు (రెసిస్టెన్సు) 50 ఓములున్నా అది దాదాపు నిండుగానే వెలుగుతుంది. అదే 50 ఓముల ఎర్త్‌లోకి ఫేజు తగిలితే పారేది 4.6 ఆంపియర్లే, కరెంటు మితిమీరితే తనంతట తాను ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ కదలను కూడా కదలదు. ఎర్త్ టెస్టరుతో ఓములు చూపించమనండి, కరెంటు నేలలోకి కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోండి. లైసెన్సున్న మనిషి చేతే చేయించండి.

ఇంకో వాడుక మర్చిపోయాను. గుంట మీద చిన్న సిమెంటు మూత కట్టి, ఎండాకాలంలో బకెట్టు నీళ్లు పోయమని చెప్పి వెళ్లాడు ఎలక్ట్రీషియన్. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "తులసమ్మకీ పోశాను, ఎర్త్‌కీ పోశాను" అంటోంది. మీ వైపు ఇంకే క్రియలు చేరాయో రాయండి, ముఖ్యంగా శ్రీకాకుళం వాళ్లు, ఆదిలాబాదు వాళ్లు.