అమెరికాలో హెచ్-4లో ఉన్న బాబుకు 21 నిండబోతున్నాయి: సీఎస్‌పీఏ, ఎఫ్-1 మీద సలహా కావాలి

అందరికీ నమస్కారం. మా గ్రీన్‌కార్డ్ కేటగిరీ ఈబీ-2 (ఉద్యోగం ద్వారా వచ్చేది) ఇండియా, ప్రయారిటీ డేట్ (క్యూలో మా తేదీ) 2013 సెప్టెంబర్. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా)లో ఉన్న బాబుకు వచ్చే జూన్ 10కి 21 నిండుతాయి. డేట్స్ ఫర్ ఫైలింగ్ చార్ట్ (అప్లికేషన్ ఎప్పుడు వేయొచ్చో చెప్పేది) ప్రకారం ఐ-485 (గ్రీన్‌కార్డ్ అప్లికేషన్) వేయొచ్చు, ఫైనల్ యాక్షన్ డేట్ (గ్రీన్‌కార్డ్ ఇవ్వగల తేదీ) మాత్రం ఇంకా రాలేదు.

2025 ఆగస్టు 15 నుంచి వేసే అప్లికేషన్లకు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఫైనల్ యాక్షన్ చార్ట్‌నే చూసి సీఎస్‌పీఏ (గ్రీన్‌కార్డ్‌కు పిల్లల వయసు 21లోపు ఉందో లేదో తేల్చే చట్టం) వయసు లెక్కిస్తోంది. అంటే 485 వేసినంత మాత్రాన వయసు ఆగదు. ఫైనల్ యాక్షన్ డేట్ కరెంట్ అయిన (మన వంతు వచ్చిన) నాటి వయసులోంచి ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేయాలి. చిక్కంతా ఇక్కడే. పాత కంపెనీ ఐ-140కి మామూలు ప్రాసెసింగ్‌లో 240 రోజులు పట్టింది. అది లెక్కకొస్తే ఫిబ్రవరి మొదటి వారం దాకా వెసులుబాటు ఉంటుంది. కొత్త కంపెనీది ప్రీమియంలో 12 రోజుల్లోనే అప్రూవ్ అయింది, ప్రయారిటీ డేట్ పాతదే వచ్చింది. 485 కొత్తదాని మీద వేస్తే ఆ 12 రోజులే తగ్గుతాయని నా అంచనా. పాత ఐ-140 రోజులు ఎవరికైనా లెక్కలోకి తీసుకున్నారా? పాత కంపెనీ ఆఫర్ ఇచ్చి సప్లిమెంట్ జె (ఉద్యోగం ఇస్తున్నట్టు ధ్రువీకరించే ఫారం) మీద సంతకం పెడితే దాని మీదే వేయడం మేలా?

రెండోది, హెచ్-4 21 ఏళ్లకే ఆగిపోతుంది కాబట్టి ఆలోపే ఐ-539 (స్టేటస్ మార్చే ఫారం)తో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి అప్లై చేయాలి. ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) రావడం కష్టం కాదు. 485 పెండింగ్‌లో ఉంటే మాత్రం ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని ఎఫ్-1 నిరాకరిస్తారేమోనని భయంగా ఉంది. పిల్లాడు పెరిగిందంతా ఇక్కడే. ఈమధ్య ఈ రెండూ వేసినవాళ్లు ఏది ముందు వేశారో, ఆర్‌ఎఫ్‌ఈ (అదనపు ఆధారాలు అడిగే నోటీసు) వస్తే ఏ కాగితాలు అడిగారో దయచేసి చెప్పండి.