ఫేజ్‌ని దశ అంటే సరిపోతుందా? విన్‌ఫ్రీ మీద రాస్తూ ఇరుక్కుపోయా

అందరికీ నమస్కారం. ఆర్థర్ విన్‌ఫ్రీ (1942–2002) మీద ఒక వ్యాసం రాస్తున్నా. అమెరికా ఆయన, ముందు ఇంజనీరింగ్ ఫిజిక్స్ చదివి తర్వాత ప్రిన్స్‌టన్‌లో బయాలజీ పీహెచ్‌డీ చేశాడు, ఒంట్లో ఉండే గడియారాల్ని లెక్కల్తో పట్టుకున్న వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి. అంతా బానే నడుస్తోంది గానీ ఫేజ్ (అంటే తిరిగే చక్రంలో ఇప్పుడు ఎక్కడున్నామన్నది) దగ్గరికొచ్చేసరికి ఆగిపోయా. అకాడమీ ఫిజిక్స్ పుస్తకాల్లో దశ, దశాభేదం అనే చదువుకున్నాం కదా, సరే అని "ఈగ గడియారం దశ మారింది" అని రాస్తే మా చెల్లెలు చదివి లార్వా దశ పోయి ప్యూపా దశ వచ్చిందా అనడిగింది. ఖర్మ ఏంటంటే ఇక్కడ నిజంగానే ప్యూపాలున్నాయి!

సంగతేంటంటే, పండ్ల ఈగల ప్యూపాల్ని పూర్తి చీకట్లో పెట్టినా ఈగలు రోజుకోసారి దాదాపు ఒకే వేళకి గుంపుగా బయటికొస్తాయి, మధ్యలో కాస్త వెలుగు చూపిస్తే ఆ వేళ ముందుకో వెనక్కో జరుగుద్ది. విన్‌ఫ్రీ లెక్క ఏం చెప్పిందంటే, సరిగ్గా ఒక క్షణంలో సరిగ్గా అంతే వెలుగు పడితే వేళ జరగడం కాదు, అసలు వేళన్నదే లేకుండా పోవాలి. చేసి చూశాడు. చీకట్లోకి మార్చిన సుమారు 6.8 గంటలకి ఒక 50 సెకన్లు మసక నీలి వెలుగు, అంతే, ఆ తర్వాత ఈగలు ఎప్పుడు పడితే అప్పుడు బయటికొచ్చాయి. దీన్నే ఫేజ్ సింగ్యులారిటీ అంటారు. దీనికేం రాయను?

జవాబు: దశ మాత్రం వద్దండీ. మనవాళ్లకి దశ తిరిగింది అంటే లాటరీ తగలడమే, లేదంటే శని దశ. ఫేజ్ అనే ఉంచేయండి, త్రీఫేజ్ తెలియని రైతు ఉన్నాడా మన దగ్గర?

జవాబు: తెలుసు గానీ రైతుకి త్రీఫేజ్ అంటే బోరు మోటార్ తిరిగే కరెంటు, అంతవరకే. నేను సబ్‌స్టేషన్‌లో చేసి రిటైరయ్యా కాబట్టి చెప్తున్నా, మూడు అలలు ఒకదాని వెనక ఒకటి మూడో వంతు తేడాతో నడవడం అన్నమాట, ఆ తేడానే ఫేజ్. మీ విన్‌ఫ్రీకి మా గ్రిడ్‌కి చుట్టరికం కూడా ఉందండోయ్. 1967లో ఆయన ఒక పేపర్ రాశాడు, తలా ఒక వేగంతో తిరిగే బోలెడు గడియారాలు ఒకదాన్నొకటి కొంచెం కొంచెం లాగుతుంటే ఏమవుద్దని. వేగాల్లో తేడా ఎక్కువుంటే ఎవరి గోల వాళ్లదే, ఆ తేడా ఒక హద్దు కిందకి రాగానే ఉన్నట్టుండి ఒక గుంపు ఒక్కటైపోద్ది, మెల్లమెల్లగా కాదు. దాన్నే జపాన్ ఫిజిక్స్ శాస్త్రవేత్త కురమోతో 1975లో చేత్తో సాధించగలిగే సమీకరణంగా మార్చాడు, ఇవాళ జనరేటర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి తిరగడం మీద పరిశోధన చేసేవాళ్లు కూడా అదే వాడతారు. ఈగలతో మొదలెట్టిన మనిషి కరెంటు దాకా వచ్చాడు, మీ వ్యాసంలో ఈ ముక్క వదలొద్దు.

జవాబు: సంగీతంలో ఉందిగా అండీ. తాళం ఎత్తుకున్న చోటే పాట ఎత్తుకుంటే సమ గ్రహం, తాళం కంటే ముందే ఎత్తుకుంటే అతీతం, తాళం మొదలయ్యాక ఎత్తుకుంటే అనాగతం. లయ అదే, ఎత్తుకునే చోటు వేరు. ఫేజ్ అంటే ఇదే కదా.

జవాబు: బాగుంది మేడం, కానీ శని దశ వద్దనుకుని గ్రహం దగ్గరికొచ్చాం 😄 నా ఓటు తిథికి. తిథంటే రోజు కాదు, సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం, 12 డిగ్రీలకొకటి. చక్రంలో ఎక్కడున్నామో చెప్పే మాట, అచ్చంగా ఫేజే.

పోస్ట్ పెట్టిన నేనే: తిథి అదిరింది గానీ ఈగకి తిథి అంటే ఆబ్దికం అనుకుంటారేమో అని భయం. మరి సింగ్యులారిటీ?

జవాబు: లయ అనే మాటలోనే ఉంది కదండీ, శ్రుతిర్మాతా లయః పితా అన్న లయా ఇదే, సృష్టి స్థితి లయ అన్న లయా ఇదే. లయ లయించిన చోటు అనండి.

పోస్ట్ పెట్టిన నేనే: వినడానికి ఎంత బాగుందో! కానీ ఒక చిక్కుంది. ఈగల గుంపుని చూసి ప్రతి గడియారం ఆగిపోయిందో, లేక అన్నీ తిరుగుతూనే తలో దారి పట్టాయో చెప్పలేం. ఆగితే లయించడం కరెక్టే, తలో దారి పడితే అది చెదరడం. మనం కవిత్వంగా ఒక మాట పెట్టి సైన్సులో తేలని దాన్ని తేల్చేసినట్టవుద్ది. అందుకే "వేళ లేని బిందువు" అని చప్పగా రాద్దామనుకుంటున్నా, ఫేజ్‌కి "వేళ", ఫేజ్ షిఫ్ట్‌కి "వేళ జరగడం". గుండె విషయానికొచ్చినా ఇది నిలబడుద్ది. విన్‌ఫ్రీ ఇదే లెక్క గుండె కండరానికి పెట్టి, సరైన వేళకి సరైన బలంతో షాక్ పడితే అలలు సుడి తిరిగి గుండె గిలగిల్లాడిపోద్ది అన్నాడు, 1980ల చివర్లో కుక్కల గుండెల మీద ప్రయోగాల్లో అట్లాగే కనిపించింది. ఆ సుడి నడిబొడ్డున ఉండేది కూడా వేళ లేని బిందువే.

జవాబు: వేళకి నేను ఒప్పుకుంటా. రాయలసీమలో యాళ అంటాం, అదీ బ్రాకెట్లో పెట్టండి అన్నా.

జవాబు: మరి గుండెలో సుడి తిరిగే ఆ అలకి, అదే స్పైరల్ వేవ్‌కి, సుడి అంటే చాలా, సుడి అల అనాలా? నీటి సుడి లోపలికి లాగుద్ది, ఇది బయటికి పాకుద్ది కదా.