కళావర్ రాణి ఎవరి దగ్గరుందో ముందే తెలుస్తుందా?

ప్రశ్న (వెస్ట్ మాంబలం, చెన్నై)

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా బ్రిడ్జ్ ఆడుతున్నాను. అంతకుముందు మా ఇంట్లో పేక అంటే రమ్మీయే. బుధవారం సాయంత్రం ఒక ఆట చేజేతులా పోగొట్టుకున్నాను, రెండు రోజులైనా అది మనసులోంచి పోవడం లేదు.

నేను సౌత్, పార్ట్‌నర్ నార్త్; వెస్ట్, ఈస్ట్ మా ప్రత్యర్థులు. నా చేతిలో ఇస్పేట్ రాజు, రాణి, జాకీ, 10, 8, 6. ఆఠీన్ 7, 3. డైమన్ ఆసు, 5. కళావర్ ఆసు, జాకీ, 4. డమ్మీలో (అందరికీ కనిపించేలా పరిచిన పార్ట్‌నర్ చేతిలో) ఇస్పేట్ 9, 4, 3. ఆఠీన్ జాకీ, 8, 5. డైమన్ రాజు, 8, 2. కళావర్ రాజు, 10, 6, 3.

ముక్కలు పంచింది వెస్ట్. ఆయన పాస్, మా పార్ట్‌నర్ పాస్, ఈస్ట్ పాస్. నేను 1 ఇస్పేట్ అన్నాను, పార్ట్‌నర్ 2 అన్నారు, నేను 4 అన్నాను (అంటే ఇస్పేట్ తురుపుగా 13 పట్లలో 10 గెలుస్తానని). వాళ్లిద్దరూ చివరిదాకా పాసే.

వెస్ట్ ఆఠీన్ ఆసు, రాజు కొట్టి మూడోసారీ ఆఠీనే వేశాడు. డమ్మీ నుంచి జాకీ వేశాను, ఈస్ట్ రాణి వేసింది, నేను తురుపుతో కొట్టాను. ఆవిడ మొదటి రెండు ఆఠీన్లు 6, తర్వాత 2. ఇస్పేట్ రాజు ఆడితే ఇద్దరూ చిన్నవి వేశారు. రాణి ఆడితే వెస్ట్ ఆసుతో తీసుకున్నాడు, ఈస్ట్ దగ్గర తురుపు అయిపోయి డైమన్ 4 పారేసింది. వెస్ట్ డైమన్ 3 తిప్పాడు, ఈస్ట్ జాకీ, నా ఆసు. ఇంకోసారి తురుపు ఆడి వెస్ట్ చివరి ముక్క లాగేశాను. ఈస్ట్ మళ్లీ డైమనే పారేసింది.

ఇక కళావర్ రాణి ఒక్కటే సమస్య. ఆసులూ రాజులూ అన్నీ వెస్ట్ దగ్గరే కనిపిస్తున్నాయి, రాణి కూడా అక్కడే ఉంటుందనుకున్నాను. ముందు ఆసు ఆడి, తర్వాత జాకీ వేసి, వెస్ట్ చిన్నది వేస్తే డమ్మీలో కూడా చిన్నదే వేశాను. ఈస్ట్ రాణితో తీసుకుంది. ఒకటి తక్కువ.

మా అబ్బాయి "అది అదృష్టం అమ్మా, వదిలెయ్" అంటున్నాడు. నిజంగా అంతేనా?

జవాబు 1 (బెంగళూరు)

మీ అబ్బాయి చెప్పిందే కరెక్ట్ అండీ. రెండు వైపులా ఫినెస్ (పెద్ద ముక్క ఫలానా వైపు ఉందనుకుని, దానికంటే చిన్నదానితో గెలవబోవడం) కుదిరే చోట సగం సగమే. టెన్షన్ పడకండి.

జవాబు 2 (అడయార్, చెన్నై)

పై జవాబుతో నేను ఒప్పుకోను. ఈ ఆటలో అదృష్టంతో పనే లేదు. వెస్ట్ నోరు తెరిచి మొదట అన్న మాట గుర్తు చేసుకోండి. పాస్.

ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేక మొత్తంలో 40 పాయింట్లు. మీ దగ్గర 15, డమ్మీలో 7, అంటే వాళ్లిద్దరికీ కలిపి 18. వెస్ట్ ఆఠీన్ ఆసు, రాజు చూపించాడు, అవి 7. ఇస్పేట్ ఆసు 4. అక్కడికే 11. కళావర్ రాణి కూడా ఆయనదే అయితే 13. 13 పాయింట్లు చేతిలో పెట్టుకుని మొదటి బిడ్ పాస్ అనేవాళ్లు మీ టేబుల్ దగ్గరే కాదు, ఎక్కడా ఉండరు. ఏ రంగూ పొడుగు లేని చేతిలో 11తో పాస్ అనడం మాత్రం మామూలే. కాబట్టి రాణి ఈస్ట్ దగ్గరే ఉండాలి.

మీ పొరపాటు చాలామంది చేసేదే, నేనూ ఏళ్ల తరబడి చేశాను. పెద్ద ముక్కలు చూపించిన మనిషి దగ్గర ఇంకా ఉంటాయనిపిస్తుంది. కానీ పాస్ అన్న మనిషి ఒక్కో పెద్ద ముక్క చూపించినకొద్దీ ఆయన దగ్గర మిగిలేది తగ్గిపోతుంది.

మీరు ఒక పని చాలా బాగా చేశారు, అది మీకే తెలియలేదు. మూడో ఆఠీన్ మీద డమ్మీ జాకీ వేయడం. దాంతో ఆఠీన్ రాణి ఈస్ట్ దగ్గర ఉందని బయటపడింది. అక్కడ 8 వేసి ఉంటే ఈస్ట్ 10తో సరిపెట్టేది, మీకు ఏమీ తెలిసేది కాదు.

ఇంకొకటి. కళావర్ ముట్టుకునే ముందు డైమన్ రాజు ఆడి, మూడో డైమన్ మీ చేతిలో తురుపుతో కొట్టాల్సింది. మీకు ఖర్చేమీ లేదు, తురుపు ఇంకొకటి మిగులుతుంది. వెస్ట్ మూడుసార్లూ డైమన్ వేస్తాడు. అప్పుడు ఈస్ట్ చేయి లెక్కపెట్టండి: ఇస్పేట్ 1, డైమన్లు వేసినవీ పారేసినవీ కలిపి 5, ఆఠీన్లు 6 తర్వాత 2 వేసింది (పెద్దది ముందు వేస్తే ఆ రంగు సరిసంఖ్యలో ఉందని సంకేతం), మూడోసారి రాణి కూడా వేసింది గనుక 4. మొత్తం 10. ఇక కళావర్లు 3. అటు వెస్ట్‌కీ మూడే. ముక్కల లెక్క చూస్తే సగం సగమే, పై జవాబు రాసినవారు అక్కడే ఆగిపోయారు. పాయింట్ల లెక్క కలిపితే సందేహం ఉండదు. చిన్న కళావర్‌తో డమ్మీ రాజు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి చిన్నది ఆడి, ఈస్ట్ చిన్నది వేస్తే మీ జాకీ.

నలుగురి చేతులూ ఒకేసారి లెక్కపెట్టబోకండి, తల తిరుగుతుంది. ప్రత్యర్థుల్లో ఒక్కరిని ఎంచుకోండి. ఆ 13 ముక్కలు తేలితే రెండో చేయి దానంతటదే తేలుతుంది.

ప్రశ్న అడిగినవారు

మీ జవాబు చదివి డైనింగ్ టేబుల్ మీద నాలుగు చేతులూ పరిచి ఆడాను. డైమన్ మూడోసారి కొట్టినప్పుడు ఈస్ట్ నుంచి రాణి పడింది! నిజంగా కళ్లు తెరిపించారు మాస్టారూ. ఒక్క సందేహం. వెస్ట్ మొదట పాస్ అనకుండా ఓపెన్ చేసి (మొదటి బిడ్ ఆయనే పెట్టి), నేను ఇదే ఆట ఆడాల్సి వస్తే?

జవాబు 2 రాసినవారు

మంచి ప్రశ్న అడిగారమ్మా. అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఆయన చూపించిన 11, ఈస్ట్ చూపించిన ఆఠీన్ రాణి, డైమన్ జాకీ తీసేస్తే ఇక మిగిలేవి రెండు రాణులే, డైమన్‌దీ కళావర్‌దీ. ఓపెన్ చేశాడు గనుక వాటిలో ఒకటైనా ఆయన దగ్గర ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీరు మూడు డైమన్లూ ఆడేసరికి డైమన్ రాణి ఈస్ట్ నుంచి పడిందంటే, కళావర్ రాణి వెస్ట్‌ది అనుకుని ఆడాలి. అప్పుడు మీరు బుధవారం ఆడిన పద్ధతే సరైనది: ముందు ఆసు, తర్వాత జాకీ.